పసుపు పేజీలో బూడిద రంగు చీర: చీరల సైటుకు రంగులు మార్చిన డైరీ

హైదరాబాద్ కొత్తపేటలో మా పెద్దమ్మకు చిన్న చేనేత చీరల కొట్టు ఉంది. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల చీరలు ఎక్కువ. పుట్టపాక తేలియా రుమాలు అప్పుడప్పుడు వస్తుంది. కొట్టుకు సైటు కట్టింది నేనే. కట్టిన కథ వదిలేస్తున్నాను. రంగుల దగ్గర ఎక్కడ దెబ్బతిన్నాను, ఏం కొలిచాను, ఏం మార్చాను, అంతవరకే రాస్తున్నాను. చీరలే కాదు, గాజులు, నగలు, బొమ్మలు, కర్టెన్లు, రంగు చూసి కొనే సరుకు ఏది అమ్ముతున్నా ఇది పనికొస్తుంది.

రంగులన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో 0 నుంచి 255 దాకా అంకెల్లో ఇస్తున్నాను. ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోవచ్చు.

మొదట్లో సైటు ఇలా ఉండేది:

1. పేజీ వెనక రంగు: ముదురు పసుపు (255, 193, 7)
2. పైపట్టీ, బటన్లు: మెరూన్ (128, 0, 0)
3. చీర వివరాల పెట్టె: క్రీమ్ (255, 248, 225), దాని మీద బూడిద అక్షరాలు (153, 153, 153)
4. చీర రెడీగా ఉంటే పచ్చ చుక్క, నేయించి ఇవ్వాల్సి వస్తే ఎర్ర చుక్క

పసుపు, కుంకుమ రంగులు శుభమని పెట్టాను. పైగా ఇంటర్నెట్‌లో దొరికే రంగుల చార్టుల్లో పసుపంటే సంతోషం అని ఉంది. అంతకుమించి ఆలోచించలేదు.

దశ 1: తిరిగొచ్చిన చీర (మార్చి 9)

వనస్థలిపురం నుంచి ఒకావిడ చీర పట్టుకుని కొట్టుకే వచ్చారు. "సైట్లో ఉదా రంగులో ఉందమ్మా, ఇదేమో బూడిద రంగు" అన్నారు. ఆమె ఫోన్‌లో పేజీ తెరిచి, కౌంటర్ మీద చీర పరిచి, పక్కన ఫోన్ పెట్టి చూశాం. నిజమే. ఫోన్‌లో చీర లేత ఉదాగా ఉంది, కౌంటర్ మీద శుద్ధమైన బూడిద రంగు.

కెమెరా తప్పనుకున్నాను. అదే ఫోటోను గ్యాలరీలో విడిగా తెరిస్తే బూడిదగానే ఉంది. ఫోటో ఒకటే, పేజీలోకి వెళ్లేసరికి రంగు మారుతోంది.

ఆ రాత్రి చేసిన పరీక్ష ఇది. మీరూ చేయండి, పది నిమిషాల పని:

1. చీర ఫోటోలోంచి ఒక చదరపు ముక్క కత్తిరించాను.
2. ఆ ముక్కనే రెండుసార్లు పెట్టాను. ఒకదాని చుట్టూ సైటు పసుపు, రెండోదాని చుట్టూ లేత బూడిద (245, 245, 245).
3. మర్నాడు కొట్టుకొచ్చిన ఐదుగురికి చూపించి "ఇవి ఒకే చీరా?" అని అడిగాను.

నలుగురు రెండు వేర్వేరు చీరలన్నారు.

దీని కారణం పాతదే. ఫ్రాన్స్‌లోని గోబెలాన్ నేత కర్మాగారంలో అద్దకం విభాగం చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్‌కు, నల్ల రంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే రంగులో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్క రంగు తన వ్యతిరేక ఛాయను ఇవతలి రంగు మీదకు తోస్తుందని ఆయన 1839లో పుస్తకమే రాశాడు. పసుపుకు ఎదురు రంగు నీలం వైపు ఉంటుంది. అందుకే పసుపు మధ్యలో పెట్టిన బూడిద చీర నీలం, ఉదా వైపు జరిగింది.

ఈ సంగతి పెద్దమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "నూలు అద్దెటోళ్లకు ఇది ఎప్పట్నుంచో తెల్సు బిడ్డా. అంచు మారిస్తే చీర రంగే మారినట్టు కనపడ్తది" అంది.

మార్పు: చీర ఫోటో ఉన్న ప్రతి చోటా వెనక రంగు (245, 245, 245) చేశాను. మూడు అంకెలూ సమానంగా ఉంటే ఏ రంగు వైపూ ఒరగదు. పసుపును పేజీ నుంచి తీసేసి పైన సన్నని గీతకు పరిమితం చేశాను.

ఇప్పటికి: 9 గంటలు, ఖర్చు ₹0. ఫిబ్రవరి, మార్చి కలిపి 31 ఆర్డర్లు, రంగు తేడా అని తిరిగొచ్చినవి 4.

దశ 2: ఫోటోలు మళ్లీ తీయడం (మార్చి 16 నుంచి 30)

వెనక రంగు మార్చాక బూడిద చీర సరిపోయింది. మిరపపండు రంగు చీరలు మాత్రం ఇంకా వెలిసినట్టే ఉన్నాయి. కారణాలు రెండు దొరికాయి.

ఒకటి, కొట్టులో ముందువైపు తెల్ల ట్యూబ్‌లైట్, లోపల పసుపు వెలుతురు బల్బు. చీర సగం ఒక వెలుతురులో, సగం ఇంకో వెలుతురులో ఉంది. రెండు, ఫోన్ కెమెరా తెలుపు ఏదో తనంతట తానే ఊహించుకుంటుంది. ఫ్రేమ్ నిండా ఎర్ర చీరే ఉంటే, ఎరుపు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. చీర ఎంత ఎర్రగా ఉంటే ఫోటో అంత చప్పగా వస్తుంది.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. చీర పక్కన బూడిద కార్డు పెట్టాలి. ఫోటో సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది.
2. కెమెరా ప్రో మోడ్‌లో ఆ కార్డును చూస్తూ వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరిక) సెట్ చేసి, ఇక కదపకూడదు.
3. ఒకే రకం బల్బులు వాడాలి. డబ్బా మీద సీఆర్ఐ 90 కంటే ఎక్కువ ఉన్నవి తీసుకోవాలి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది.
4. ఫోటోను చాలా స్క్రీన్లు వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో సేవ్ చేయాలి.
5. చివర్లో చీరను వాకిట్లోకి తెచ్చి, ఎండ నేరుగా పడని చోట ఫోన్ పక్కన పెట్టి పోల్చాలి. తేడా ఉంటే మళ్లీ తీయాలి.

ఇక్కడ ఒక తప్పు చేశాను. మొదటి 22 చీరలు తీశాక చూస్తే ఫోన్‌లో ఏఐ సీన్ ఆన్‌లో ఉంది. ఆకుపచ్చను చెట్ల ఆకులనుకుని చిక్కగా చేసేసింది. అవన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. ఒక ఆదివారం మొత్తం పోయింది. ఫోటో తీసే ముందు ఫిల్టర్లు, బ్యూటీ, ఏఐ అన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫోటో ఎంత సరిగా తీసినా చూసేవాళ్ల ఫోన్ మన చేతిలో ఉండదు. ఒకే ఫోటోను మా ఇంట్లో మూడు ఫోన్లలో తెరిచాను. ఒకటి రంగుల్ని చిక్కగా చూపించే వివిడ్ మోడ్‌లో ఉంది, ఒకదాంట్లో రాత్రిపూట కళ్ల కోసం పెట్టుకునే పసుపు వెలుతురు ఉంది, ఒకటి మామూలుగా ఉంది. చీర మూడు రంగుల్లో కనిపించింది. 2015లో ఒక గౌను ఫోటో తెలుపు, బంగారు రంగులో ఉందని కొందరు, నీలం, నలుపులో ఉందని కొందరు ప్రపంచమంతా వాదించుకున్నారు కదా. ఆ గౌను నిజానికి నీలం, నలుపు. వెలుతురు గురించి ఒక్కో మెదడు ఒక్కోలా అంచనా వేసుకోవడమే అక్కడ తేడా. మన చీరకూ అదే జరుగుతుంది.

అందుకని ప్రతి ఫోటో కింద మాటల్లో ఒక వరుస రాశాం. పెద్దమ్మ చీర చేతిలో పట్టుకుని చెప్పింది, నేను టైపు చేశాను. "ఎండలో పండు మిరపకాయ రంగు. ట్యూబ్‌లైట్ కింద కొంచెం మెరూన్ కొడుతుంది." ఫోన్‌లో ఎలా కనిపించినా ఈ వరుస మారదు. కొట్టుకు ఫోన్ చేసి "అసలు రంగేంటండీ" అని అడిగేవాళ్లు దీని తర్వాత బాగా తగ్గారు. సాంకేతికంగా ఇందులో ఏమీ లేదు, కానీ ఈ డైరీలో ఒక్కటే కాపీ చేయాలంటే నేను ఇదే చేయమంటాను.

ఇప్పటికి: 30 గంటలు. బూడిద కార్డు ₹450, రెండు బల్బులు ₹1,100, వెనక కట్టే గుడ్డ ₹400. మొత్తం ₹1,950. మళ్లీ తీసిన చీరలు 64.

దశ 3: ఐదు సెకన్ల పరీక్ష (ఏప్రిల్ 6)

ఇది దశ 1 కన్నా ముందే చేసి ఉండాల్సింది. పాత పసుపు పేజీ, కొత్త లేత పేజీ రెండూ ప్రింట్ తీసి, కొట్టు గురించి తెలియని తొమ్మిది మందికి ఒక్కోటి ఐదు సెకన్లు చూపించి, "ఇది ఏం సైటు?" అని అడిగాను. చీర ఫోటోలు బాగా కనపడకుండా మసక చేశాను, రంగుల మాటే తెలియాలని.

పాత పేజీకి నలుగురు పెళ్లి పత్రికలు వేసేవాళ్లదన్నారు. ఇద్దరు పంచాంగం, జాతకాలు చెప్పే సైటన్నారు. చీరలో బట్టలో అన్నవాళ్లు ముగ్గురే. కొత్త పేజీకి ఏడుగురు బట్టల కొట్టన్నారు.

పెద్దమ్మ జనవరిలోనే చెప్పింది, "ఏంది బిడ్డా ఇది, పెండ్లి పత్రిక లెక్క ఉన్నది" అని. నేను వినలేదు.

ఐదు సెకన్లు కూడా ఎక్కువే. కెనడాలో గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో వెబ్ పేజీలను 50 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి మార్కులు వేయించింది. ఎక్కువసేపు చూసి వేసిన మార్కులకు అవి చాలా దగ్గరగా వచ్చాయి. అక్షరం చదివే టైమ్ లేదు కాబట్టి, ఆ తొలిచూపులో పడేది రంగు, అమరికే.

ఇక రంగుల చార్టుల సంగతి. నీలం అంటే నమ్మకం, పసుపంటే సంతోషం అని ఒక్కో రంగుకు ఒక్కో అర్థం రాస్తారు. పామర్, ష్లాస్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2010లో వేరే మాట చెప్పారు. ఏ రంగుతో ముడిపడిన వస్తువులు మనకు ఇష్టమో, ఆ రంగునే ఇష్టపడతామని. మన ఇళ్లలో పసుపు, మెరూన్ కలిపి ఎక్కడ చూస్తాం? శుభలేఖ మీద, క్యాలెండర్ మీద, గుళ్లో రశీదు మీద. ఆ తొమ్మిది మంది చెప్పిందీ అదే. రంగు శుభమైనదే, కానీ అక్కడ అది వేరే దుకాణం పేరు చెబుతోంది.

మధ్యలో నలుపు కూడా పెట్టి చూశాను. ఖరీదైన సైట్లన్నీ నల్లగా ఉంటాయి కదా అని. చీరలు దీపాల్లా వెలిగాయి, కానీ తేలియా రుమాలు చీరల నల్ల అంచులు నలుపులో కలిసిపోయి, చీర ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. రెండు రోజుల్లో తీసేశాను.

ఇప్పటికి: 38 గంటలు, ₹1,950.

దశ 4: మిట్టమధ్యాహ్నం చైతన్యపురిలో (ఏప్రిల్ 20)

చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడి సైటు తెరిచాను. టైమ్ 12:40. ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతోంది. చీర కనిపిస్తోంది, ధర కనిపించడం లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని, ఫోన్ వంచి, వెలుతురు ఫుల్ చేస్తే ₹4,800 అని లీలగా తెలిసింది. ఏసీ గదిలో పెద్ద మానిటర్ మీద డిజైన్ చేశాను, కొనేవాళ్లు రోడ్డు మీద నిలబడి చూస్తారు.

అక్షరానికి, వెనక రంగుకు మధ్య తేడాను కాంట్రాస్ట్ నిష్పత్తితో కొలుస్తారు. రెండు రంగుల కాంతి విలువలు తీసుకుని, ఒక్కోదానికి 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వస్తుంది. కాంతి విలువలో ఆకుపచ్చ వాటా 71.52 శాతం, ఎరుపు 21.26, నీలం 7.22. మన కన్ను ఆకుపచ్చకు ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి ఈ తూకం. తెలుపు మీద నలుపు 21. అంతకు మించి రాదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమాల్లో మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. ఇంకా పై మెట్టు 7. లెక్క చేత్తో చేయనక్కర్లేదు, క్రోమ్ బ్రౌజర్లో పేజీ లోపలి కోడ్ చూపించే డెవ్‌టూల్స్‌లో రంగు మీద నొక్కితే నిష్పత్తి అక్కడే చూపిస్తుంది.

నా సైటులో దొరికినవి:

1. క్రీమ్ మీద బూడిద అక్షరాలు: 2.68. ఫెయిల్.
2. వాట్సాప్ ఆర్డర్ కోసం నేను పెట్టిన పచ్చ బటన్ (37, 211, 102) మీద తెల్ల అక్షరాలు: 1.98. ఘోరం.
3. పాత పసుపు మీద తెలుపు: 1.63. ఒక ఆఫర్ బ్యానర్ ఇలాగే మూడు నెలలు ఉంది.
4. మెరూన్ మీద తెలుపు: 10.95. పాస్.

మార్పులు:

1. వివరాల అక్షరాలు (85, 85, 85): క్రీమ్ మీద 7.02.
2. ధర (51, 51, 51), కొంచెం లావుగా: 11.89.
3. వాట్సాప్ బటన్ పచ్చ అలాగే ఉంచి అక్షరాలు నల్లగా చేశాను. ఆ పచ్చ జనానికి బాగా గుర్తు, దాన్ని ముట్టుకోవడం అనవసరం.

బూడిద వాడేవాళ్లకు ఒక గుర్తు: తెలుపు మీద (119, 119, 119) పెడితే 4.48, ఫెయిల్. (118, 118, 118) పెడితే 4.54, పాస్. ఒక్క అంకె తేడా. తెలుపు కాకుండా క్రీమ్ అయితే ఇంకా ముదురు కావాలి.

మర్నాడు అదే టైమ్‌కు అదే చోట నిలబడి మళ్లీ చూశాను. ధర చదవగలిగాను, చెయ్యి అడ్డం పెట్టకుండానే.

ఇప్పటికి: 44 గంటలు, ₹1,950. ఏప్రిల్‌లో 27 ఆర్డర్లు, రంగు తేడాతో తిరిగొచ్చినవి 3. అందులో 2 మళ్లీ ఫోటో తీయకముందు ఆర్డర్ చేసినవే.

దశ 5: "కొనండి" బటన్ (మే 1 నుంచి జూన్ 21)

ఎక్కువ టైమ్ తిన్నదీ, ఎక్కువ తప్పులు చేసిందీ ఇక్కడే.

బటన్ మెరూన్‌లో ఉండాలా, ఆకుపచ్చలో (0, 128, 0) ఉండాలా అని ఏ/బీ పరీక్ష పెట్టాను. వచ్చినవాళ్లలో సగానికి ఒకటి, సగానికి ఇంకోటి. రోజుకు సుమారు 40 మంది వస్తారు. రెండు వారాల లెక్క:

ఆకుపచ్చ: 281 మందిలో 9 మంది నొక్కారు, 3.2 శాతం.
మెరూన్: 279 మందిలో 14 మంది, 5 శాతం.

మెరూన్ గెలిచిందని పెద్దమ్మకు చెప్పాను, ఇద్దరు ఫ్రెండ్స్‌కు వాళ్ల సైట్లు కూడా మార్చుకోమని సలహా ఇచ్చాను. ఊరెళ్లే హడావుడిలో పరీక్ష ఆపడం మర్చిపోయాను. తిరిగొచ్చి చూస్తే ఐదు వారాల మొత్తం ఇది:

ఆకుపచ్చ: 702 మందిలో 23, 3.3 శాతం.
మెరూన్: 698 మందిలో 24, 3.4 శాతం.

తేడా ఆవిరైపోయింది. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి విషయం చెప్పాను.

ముందే వేసుకోవాల్సిన లెక్క ఇది. రేటు అంటే వచ్చినవాళ్లలో బటన్ నొక్కేవాళ్ల వాటా. ఒక్కో రకానికి ఎంతమంది కావాలంటే: 16 × రేటు × (1 − రేటు), దాన్ని మనం పట్టుకోవాలనుకున్న తేడా వర్గంతో భాగించాలి. నా రేటు 3 శాతం. అది 3.6 అయితే తెలియాలి అనుకుంటే:

1. 16 × 0.03 × 0.97 = 0.4656
2. తేడా 0.006, దాని వర్గం 0.000036
3. 0.4656 ÷ 0.000036 = సుమారు 12,930 మంది, ఒక్కో రకానికి
4. రెండింటికీ కలిపి 25,860. రోజుకు 40 చొప్పున 647 రోజులు

ఏడాది తొమ్మిది నెలలు. ఈలోపు దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్, ఆషాఢం సేల్ అన్నీ వచ్చి పోతాయి, లెక్క కలగాపులగం అవుతుంది. చిన్న కొట్లు బటన్ రంగుకు ఏ/బీ పెట్టడం దండగ.

పెద్దవాళ్ల సంగతి వేరు. గూగుల్‌లో 41 నీలం ఛాయలు పెట్టి ఏది ఎక్కువ నొక్కుతారో చూశారని, అక్కడ డిజైనర్‌గా చేసిన డగ్లస్ బౌమన్ 2009లో బయటికొస్తూ రాశాడు. వాళ్లకున్న జనానికి అది తేలుతుంది. ఎరుపు బటన్ ఆకుపచ్చ కంటే 21 శాతం ఎక్కువ నొక్కించిందని మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ హబ్‌స్పాట్ 2011లో చెప్పిన ఫలితాన్ని నేనూ మొదట్లో నమ్మాను. కానీ ఆ పేజీలో మిగతా చోట్ల కూడా ఆకుపచ్చే ఉంది, అందుకే ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపించింది. అలాంటిచోట ఎరుపు గొప్పదని అనడం కంటే, పక్కవాటికి భిన్నంగా ఉందని అనడం సరి. గుంపులో వేరుగా ఉన్నదే గుర్తుంటుందని మనస్తత్వ పరిశోధకురాలు హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లోనే చూపించింది.

అక్కడ నాకు అసలు ప్రశ్న దొరికింది: నా పేజీలో పక్కన ఉండేవి ఏమిటి? చీరలు. బటన్ పోటీ పడేది వాటితోనే. 64 చీరల్నీ ప్రధాన రంగు ప్రకారం లెక్కపెట్టాను:

ఎరుపు, మెరూన్ 19. ఆకుపచ్చలు 11. పసుపు, మామిడిపండు 9. గులాబీ, ఉల్లిపొర 8. నారింజ, కనకాంబరం 6. వంకాయ, ఉదా 5. నలుపు, తెలుపు, బూడిద 3. ముదురు నీలిమందు రంగు 3.

మెరూన్ బటన్ 19 చీరల పక్కన ఇంకో అంచులా కలిసిపోతోంది. అందుకని బటన్‌ను నీలిమందు రంగుకు (26, 35, 126) మార్చాను. తెల్ల అక్షరాలతో నిష్పత్తి 13.24. పేజీలో నిండు రంగు బటన్ ఇదొక్కటే. "షేర్", "దాచుకోండి" లాంటివన్నీ గీత మాత్రమే ఉన్నవిగా మార్చాను. పనిలోపనిగా బటన్‌ను స్క్రీన్ అడుగున కదలకుండా నిలబెట్టాను.

ఈసారి ఏ/బీ వద్దనుకుని మనుషుల్ని చూశాను. కొట్టుకొచ్చినవాళ్లకు ఫోన్ ఇచ్చి, "ఈ చీర మీకు నచ్చిందనుకోండి, కొనాలంటే ఎక్కడ నొక్కుతారు?" అని అడిగి స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. ప్రతిసారీ కొత్త ఏడుగురు, మూడు శనివారాలు:

1. పాత చోటు, మెరూన్: పది సెకన్లలో దొరికింది ముగ్గురికి. సగటు 14 సెకన్లు.
2. అడుగున, నీలిమందు: ఆరుగురికి. సగటు 5 సెకన్లు.
3. అడుగున, మెరూన్: ఐదుగురికి. సగటు 7 సెకన్లు.

మూడోది ఎందుకంటే, రెండోసారి నేను చోటు, రంగు రెండూ ఒకేసారి మార్చాను. ఏది పని చేసిందో విడదీయాలి కదా. విడదీస్తే చోటే ఎక్కువ పని చేసిందని అర్థమైంది. రంగు మీద ఏడు వారాలు కూర్చున్నవాడిగా ఇది రాయడం కష్టంగానే ఉంది, కానీ అంకెలు ఇవే. ఇరవై ఒక్క మందితో ఇంతకుమించి చెప్పలేను. ముందు బటన్ చోటు సరిచేయండి, రంగు తర్వాత చూడండి.

ఇప్పటికి: 69 గంటలు, ₹1,950. మేలో 33 ఆర్డర్లు, రంగు తేడాతో తిరిగొచ్చింది 1.

దశ 6: చుక్కలు (జూన్ 24)

నాగోల్ నుంచి ఒకాయన భార్య పుట్టినరోజుకు చీర ఆర్డర్ చేశారు. అది ఎర్ర చుక్క చీర, నేయించి ఇవ్వడానికి 15 రోజులు పడుతుంది. ఫోన్ చేసి ఆ మాట చెబితే, "ఎర్ర చుక్క ఎక్కడుందండీ, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి" అన్నారు. ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పుట్టినరోజు నాలుగు రోజుల్లో ఉంది. పెద్దమ్మ వేరే చీర చూపించి సర్దింది, తప్పు మాత్రం నాది.

ఆ రెండు రంగులూ గుర్తించలేని ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి మగవాళ్లలో ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 12 మందికి ఒకరు, ఆడవాళ్లలో 200 మందికి ఒకరు. మన మెట్రోలో లైన్లకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని పేర్లున్నా, మియాపూర్, ఎల్బీనగర్ అని చివరి స్టేషన్ పేరు కూడా రాస్తారు. నేను చుక్క పెట్టి వదిలేశాను.

1. చుక్క పక్కన మాట రాశాను: "రెడీగా ఉంది" / "నేయించి ఇస్తాం, 15 రోజులు".
2. రెండోదానికి చుక్క బదులు గడియారం బొమ్మ పెట్టాను.
3. ఫారంలో తప్పు నింపితే ఎర్ర గీత ఒక్కటే వచ్చేది. ఇప్పుడు "పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి" అని కూడా వస్తుంది.
4. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండరింగ్ ట్యాబ్‌కు వెళ్లి, రంగులు కనపడని చూపు పెట్టి ప్రతి పేజీ తిరిగాను.

ఇప్పటికి: 72 గంటలు.

దశ 7: రంగుల పేర్లు (జూన్ 28)

చీరలు వెతకడానికి పెట్టిన జాబితాలో టీల్, మావ్, రస్ట్, పీచ్ అని రాశాను. ఎవరూ నొక్కడం లేదు. సెర్చ్ పెట్టెలో జనం రాసిన మాటలు తీసి చూస్తే "నెమలికంఠం", "వంకాయ కలర్", "చిలకపచ్చ", "ఆనంద బ్లూ", "రామా గ్రీన్", "ఉల్లిపొర" అని ఉన్నాయి. వాటికి సైటు ఏమీ చూపించలేదు. చీరలుండి కూడా!

పెద్దమ్మతో కూర్చుని 64 చీరలకు పేర్లు పెట్టించాను. ఒక సాయంత్రం పట్టింది. నేను ఆకుపచ్చ అని ఒక్క మాటతో తేల్చేసిన 11 చీరలకు ఆమె ఐదు పేర్లు చెప్పింది. గచ్చకాయ రంగు అని ఒకటి చెబితే నాకే తెలియలేదు, కాలేజీ పిల్లలకు అసలు తెలియదు. అందుకని పేరు పక్కన ఆ రంగు చిన్న గడి పెట్టాను. గడిలో రంగు చీర ఫోటో నుంచే తీశాను, ఊహించి వేయలేదు. ఇంగ్లీషు పేరుతో వెతికినా అదే చీర వచ్చేలా లోపల కలిపాను.

ఇప్పటికి: 79 గంటలు, ₹1,950. జూన్‌లో 36 ఆర్డర్లు, తిరిగొచ్చింది 1.

దశ 8: నెమలికంఠం (జూలై 5, ఇంకా నడుస్తోంది)

ఆ తిరిగొచ్చిన ఒక్కటీ నెమలికంఠం చీరే. మేలో తిరిగొచ్చిందీ అదే రకం. పడుగు (నిలువు దారాలు) నీలం, పేక (అడ్డ దారాలు) ఆకుపచ్చ. హైదరాబాదులో దీన్ని ధూప్‌ఛావ్ అంటారు. కట్టుకుని నడుస్తుంటే ఒక మడత నీలంగా, పక్క మడత పచ్చగా మెరుస్తుంది. ఒక్క ఫోటోలో పెడితే ఏదో ఒక రంగు అబద్ధమవుతుంది.

ఇప్పటిదాకా చేసినవి:

1. రెండు కోణాల్లో రెండు ఫోటోలు. రెండు వేర్వేరు చీరలని అనుకుని ఒకావిడ "పచ్చది పంపండి" అని రాశారు.
2. ఎనిమిది సెకన్ల వీడియో. కెమెరా కదులుతుంటే వైట్ బ్యాలెన్స్ మారిపోయి మూడో రంగొకటి పుట్టింది.
3. వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి మళ్లీ వీడియో. రంగు నిలబడింది, కానీ బల్బు వెలుతురు ఒకే వైపు నుంచి పడి మెరుపు రాలేదు.

నిన్న సాయంత్రం పెద్దమ్మ చీరను భుజం మీద వేసుకుని వాకిట్లోకి వెళ్లి, కొంగు ఇటూ అటూ తిప్పి చూపించింది. "గిట్ల తిప్పితేనే తెలుస్తది బిడ్డా. నువ్వు చీరను నిలబెట్టి ఫోన్ తిప్పుతున్నవ్" అంది.

రేపు పొద్దున ఎనిమిదికి, ఎండ వాకిట్లోకి రాకముందు, ఫోన్ స్టాండ్ మీద కదలకుండా పెట్టి, పెద్దమ్మ చేత చీర తిప్పించి తీస్తాను.